మిద్దె మీద తెల్ల కుర్చీలు

తెల్ల కుర్చీకి గంధం మరక అంటితే సబ్బుతో పోదు. వంటసోడా తడిపి పూసి, పాత టూత్‌బ్రష్‌తో అల్లిక సందుల్లో తోమాలి. తిరుపతిలో కాపురం పెట్టాక భువనేశ్వరి నేర్చుకున్న విద్య ఇది.

బంధువులు కొండ మీద గుండు చేయించుకుని, గుండు నిండా గంధం పూసుకుని దిగివస్తారు. మిద్దె మీద చల్లగాలికి కుర్చీల్లో వెనక్కి వాలతారు. తలకొక మరక.

పొద్దున్నే కొండను చూస్తూ ఒక గ్లాసు కాఫీ తాగుదామని ఆమె ఏరి కొనుక్కున్న కుర్చీలవి. కొన్నప్పటి నుంచి తోమడమే గానీ కూర్చున్నది లేదు. ఒక జట్టు ఊరికి పోతే ఇంకో జట్టు వచ్చి దిగేది.

ఈసారి భర్త జయచంద్ర పెద్దమ్మ చౌడేశ్వరమ్మ, కొడుకులు, కోడళ్లతో అనంతపురం నుంచి వచ్చింది. దర్శనం అయిపోయింది. ఇంకో వారం ఉండి, చివర్లో కాళహస్తి చూసుకుని పోతామని రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. భువనేశ్వరి మారు వడ్డించింది.

తెల్లారి బకెట్ తీసుకుని మిద్దె ఎక్కింది. కాసేపటికి కింద నుంచి టిఫిన్ కేకలు. ఆ తర్వాత మెట్ల మీద అడుగులు. జయచంద్ర మిద్దె తలుపు తోశాడు. రాలేదు. భుజం పెట్టాడు. రాలేదు.

"మొన్నటి వానకు చెక్క ఉబ్బినట్టుండాది. ఇంగా గట్టిగా తొయ్యండి," అంది భువనేశ్వరి.

పెద్దమ్మ కొడుకులూ వంతులేసుకుని తోశారు. వడ్రంగి ఓబయ్య చంద్రగిరిలో ఉన్నానని, సాయంత్రానికి గానీ రాలేనని ఫోన్‌లో చెప్పాడు. జయచంద్ర హోటల్ నుంచి ఇడ్లీలు తెచ్చాడు. కోడళ్లు తిన్నారు, వంటింటి వైపు మాత్రం చూడలేదు.

"మద్యానానికి సంగటి యెవురు గెలకతారమ్మా?" తలుపు అవతల పెద్దమ్మ గొంతు.

"అదే నా దిగులు పెద్దత్తా. దినమంతా ఈ ఎండలో ఉంటే రేపు నేను లేస్తానో లేదో. ఊరికే కూర్చోకుండా కాళహస్తికన్నా పోయిరాండి."

"పోయిరావడమేంది? కాళహస్తి సూసినాక ఇంగొగురి గడప తొక్కకూడదు. నేరుగా మా ఇంటికే పోవల్ల."

"అవును గదా. మరిచేపోయినా."

అవతల అడుగులు మెట్లు దిగాయి. తర్వాత సంచుల జిప్పులు లాగిన చప్పుడు.

"నువ్విట్ల ఇరుక్కోనుంటే వదిలిపెట్టి పోవాలంటే కాళ్లు రాలేదే తల్లీ," అంది పెద్దమ్మ, అప్పటికే కింది మెట్టు నుంచి.

"నా రాత పెద్దత్తా."

వాళ్లను బస్టాండులో దించడానికి జయచంద్ర కూడా వెళ్లాడు. ఆటో సందు తిరిగింది. భువనేశ్వరి చివరి కుర్చీ కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అందులో కూర్చుంది. కొండ తీరిగ్గా కనబడింది. కాఫీ ఒక్కటే తక్కువ.

కలుపుకొద్దామని లేచి, తలుపుకు ఇవతల తాను పెట్టుకున్న గడియ తీసింది.