నది అవతలి కారు

స్టాష్ గుద్దిన గుద్దుకి బల్ల మీది కాఫీ కప్పులన్నీ ఒకసారి లేచి కూర్చున్నాయి.

"బంతి విసిరేవాడు కావాలిరా మనకి! ఆ టెక్సస్ కుర్రాణ్ణి తీసుకోవాలి. వాడు ఇక్కడ నిలబడి విసిరితే బంతి నది దాటి పడుతుంది!"

"విసరాలంటే ముందు నిలబడాలి కదరా," అన్నాడు మంగలి ఎమ్మెట్. "మన ముందు వరస చూశావా? చిల్లులు పడ్డ కంచె. పోయినేడు మనవాడు బంతి విసిరిందానికంటే వెల్లకిలా పడి ఆకాశం చూసిందే ఎక్కువ. గోడలా నిలబడేవాడు కావాలి. మన డారియన్ కావాలి."

ఏప్రిల్ వచ్చిందంటే హార్లన్ ఫెర్రీలోని వాండా హోటల్లో ఇదే గోల. చేత్తో బంతి విసిరి ఆడే అమెరికా ఫుట్‌బాల్ జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఏరుకునే డ్రాఫ్ట్ ఆ గురువారమే.

ఉక్కు మిల్లు మూతపడ్డాక ఆ ఊరికి మిగిలిన పని ఒక్కటే, జట్టు ఎప్పుడు గెలుస్తుందా అని ఎదురుచూడటం. జట్టు వాళ్లను ఏనాడూ ఖాళీగా కూర్చోనివ్వలేదు.

ఈసారి ఊరి కుర్రాడే బరిలో ఉన్నాడు. డారియన్ పెట్టస్. మంచులో కూరుకుపోయిన స్కూలు బస్సును భుజంతో నెట్టి రోడ్డెక్కించిన ఘనుడు. బస్సు నిండా పిల్లలున్నారని కొందరంటారు. బ్యాండు మేళం కూడా ఉందని, అది ఆగకుండా వాయిస్తూనే ఉందని మరికొందరంటారు.

"నువ్వు చెప్పు వాండా," అన్నాడు ఎమ్మెట్.

"డారియన్ పేరు తప్ప ఇంకో పేరు ఎత్తినవాడికి ఈ పూట కాఫీ లేదు," అంది వాండా, స్టాష్ కప్పు మీదికి వంచిన కూజా వెనక్కి తీస్తూ.

స్టాష్ దిగొచ్చాడు.

"వాడొస్తే నాకు మాత్రం చేదా? కానీ మనకంటే ముందు వంతు నది అవతలివాళ్లది. వాళ్లు వాణ్ణి వదుల్తారా?"



నది అవతల వేరే రాష్ట్రం, వేరే జట్టు. ఆ జట్టు టోపీ పెట్టుకొస్తే ఎమ్మెట్ క్షవరం సగంలో ఆపేస్తాడు. విమానం ఎక్కాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా వంతెన దాటి అక్కడికే పోవాలి. ఆ సంగతి మాత్రం ఊళ్లో ఎవరూ పైకి అనరు.

అప్పుడే కిటికీ బయట ఓ బూడిదరంగు కారు ఆగింది.

"నంబరు ప్లేటు చూడండ్రా," గొణిగాడు స్టాష్. "నది అవతలిది."

బక్కపల్చటి మనిషి లోపలికొచ్చాడు. కాఫీ, చెర్రీ పళ్లు పెట్టి కాల్చిన 'పై' అడిగాడు. రెండు ముద్దలు తిన్నాక మెల్లగా అన్నాడు.

"డారియన్ పెట్టస్ ఈ ఊరివాడేగా? ఎలాంటి కుర్రాడు?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆటగాణ్ణి తీసుకునేముందు జట్లు వాడి సొంతూరికి మనిషిని పంపి ఆరా తీస్తాయని తెలుసు. వచ్చినవాడు తనది ఏ జట్టో చెప్పడనీ తెలుసు. కారు చెప్పాక ఇంక ఆయన చెప్పడం దేనికి?

"డారియనా?" ఎమ్మెట్ నిట్టూర్చాడు. "ఏం చెప్పమంటారు సార్. వాడు మంచం దిగేసరికి మేం మధ్యాహ్నం భోజనాలు చేసేస్తాం."

"వానొచ్చే ముందు మోకాలు పట్టేస్తుంది," అన్నాడు స్టాష్. "మా ఊళ్లో వాతావరణం వార్తలు ఎవరూ వినరు సార్. వాడి నడక చూసి గొడుగు తీసుకుంటాం."

"ఉరుమంటే భయం కూడానూ!" అందుకున్నాడు ఎమ్మెట్. "ఓసారి ఆట మధ్యలో ఉరిమితే బెంచీ కింద దూరాడు. లాగితే బెంచీ ఊడొచ్చింది గానీ వాడు రాలేదు."

వాండా అటు తిరిగి నవ్వు మింగింది. ఇటు తిరిగి, తన వంతుగా అంది.

"కోచ్ మీద చెయ్యెత్తాడు కూడా."

ఆ మాటకి ఎమ్మెట్టే ఉలిక్కిపడ్డాడు.

వచ్చినాయన ఫోర్కు కింద పెట్టాడు.

"కోచ్ మీదా?"

"అవును సార్."

"వాడి గురించి ఒక్క మంచి మాట చెప్పేవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరా?" బతిమాలుతున్నట్టు అడిగాడాయన.

"వాళ్లమ్మ ఉంది," అన్నాడు స్టాష్. "అమ్మ మాట ఎవరు నమ్ముతారు సార్?"

"అవును. మావాళ్లూ అదే అన్నారు."

ప్లేట్లో సగం 'పై' అలాగే వదిలేసి లేచాడు. కారు వంతెన వైపు తిరగ్గానే హోటల్లో చప్పట్లు మోగాయి.

గురువారం సాయంత్రం టీవీ ముందు ఊరంతా ఉంది. నది అవతలి జట్టు టెక్సస్ కుర్రాణ్ణి తీసుకుంది.

స్టాష్ కుర్చీ ఎక్కాడు. "నా మోకాలు పనిచేసిందిరా!"

"నీ మోకాలు కాదు, నా ఉరుము!"

తర్వాత వీళ్ల జట్టు వంతు. నెబ్రాస్కా కుర్రాడెవరిదో పేరు చదివారు. ఆట మొత్తానికి నాలుగైదుసార్లు వచ్చి బంతిని కాలితో తన్నిపోవడమే అతని పని.

స్టాష్‌కి కుర్చీ దిగాలని తోచలేదు.

చాలాసేపటికి డారియన్‌ని కాలిఫోర్నియా జట్టు ఏరుకుంది.

మర్నాడు పొద్దున్న, ఆసుపత్రి డ్యూటీకి పోతూ డారియన్ తల్లి ఓడెస్సా కాఫీకి ఆగింది.

"మన జట్టయితే ప్రతి ఆదివారం వెళ్లి చూసుకునేదాన్ని," అంది. "ఇక టీవీలోనే. అవునూ, మొన్న ఇక్కడికి ఒకాయన వచ్చాడా? బూడిదరంగు కారు."

"వచ్చాడు," అన్నాడు ఎమ్మెట్, కప్పులోకి చూస్తూ. "నది అవతలి కారు."

"అద్దె కారు. విమానం దిగేది అక్కడే కదా."

వాండా చేతిలో కూజా ఆగింది.

"మన జట్టు మనిషే ఆయన," అంది ఓడెస్సా. "చలికాలమంతా ఆఫీసులో మావాడి కోసం ఒక్కడే పోట్లాడాడట. సొంతూరివాళ్ల నోట ఒక్క మంచి మాట తెస్తే తీసుకుంటామన్నారట పైవాళ్లు. మావాడంటే ప్రాణం పెట్టేవాళ్లు ఉన్నారు, వాండా హోటల్‌కి వెళ్లండని నేనే పంపాను."