తప్పు అంకె

ప్రొద్దుటూరు కాలేజీలో ఫిజిక్సు చెప్పే గురురాజారావు మూడేళ్లుగా ఒకే లెక్క చేస్తున్నాడు. జెర్మేనియం స్ఫటికం ఏ రంగు వెలుతురును ఎంత పీల్చుకుంటుందనేది ఆ లెక్క. రాత్రిపూట భార్య రుక్మిణమ్మ లాగరిథం పట్టిక చూసి అంకెలు చదివేది, ఆయన రాసుకునేవాడు. ఆమె టైఫాయిడ్‌తో పోయి నెలయింది.

ఆ రాత్రి ఆయన్ను పలకరించడానికి లెక్కల లెక్చరర్ దస్తగిరి వచ్చాడు. బల్లమీది నోటుబుక్కు తిరగేస్తూ ఒకచోట వేలు పెట్టి ఆగాడు.

"ఈ అంకె తప్పప్పా. దీని తర్వాత చేసినవన్నీ మళ్లా చేయాల."

"తెలుసు. కావాలనే వేసినా."

"ఏందీ, కావాలనా?"

"ఈ రాత్రితో లెక్క అయిపోతాంది, దస్తగిరీ. అయిపోతే ఆమె ఇంక చదవదు."

సరైన విలువ చూద్దామని దస్తగిరి లాగరిథం పట్టిక పుస్తకం కోసం వెతికాడు. అది రుక్మిణమ్మ చీరల పెట్టెలో ఉందనీ, నెలగా ఆ తాళం తీయలేదనీ గురురాజారావు చెప్పాడు.

అప్పుడు పక్కగదిలోంచి అలసిన ఆడగొంతు ఒకటి నాలుగంకెలు విడివిడిగా చదివింది. దస్తగిరి నోటుబుక్కు వైపు చూశాడు. మనసులో లెక్క వేసి చూస్తే, ఆ తప్పు అంకె చోట ఉండాల్సిన విలువ అదే.

గురురాజారావు కలం ముట్టుకోలేదు. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"ఇప్పుడే వద్దు రుక్మిణీ," అన్నాడు. "ఇంకొన్నాళ్లుండు."

గొంతు ఆ నాలుగంకెలనే మళ్లీ మొదటి నుంచి చదవసాగింది.