తలుపు వెనక పాట

"పూలు మ్యూజియానికి, పాటలు మా లైబ్రరీకి," అంటూ లైబ్రరీ నుంచి వచ్చిన ఇథెల్ పాటల కాగితాల్లోంచి ఎండు పూలు విడదీయబోయాడు.

"విడదీయకు బాబూ. మా ఆయన ఎవరింట పాట రాసుకుంటే వాళ్ల గుమ్మంలో పువ్వే కోసి అందులో పెట్టేవారు," అంది మెరెరిద్. పాటల కోసం, మొక్కల కోసం వేల్స్ కొండలన్నీ తిరిగిన ఆ మనిషి పోయి నెల తిరగలేదు.

"మరి దీనికి పాడినవాళ్ల పేరు లేదేంటి మామ్మగారూ?"

ఎండిన తెల్లగులాబి. మెరెరిద్ వంటింటి గుమ్మానిదే. చిన్నప్పుడు చాపెల్‌లో ప్రార్థన పాటలతో నేర్చిన స్వరాలే కనక, కాగితం మీద రాసినవి కూడబలుక్కుంది. ఆయన రాతకి అడ్డమని, తలుపు మూసుకుని గిన్నెలు తోముతూ ఏళ్ల తరబడి తను పాడుకున్న పాట.

"ఎవరో తెలియదని రాసుకోనా?"

"ఇంట్లో మనిషి పేరు ఎవరన్నా రాసుకుంటారా బాబూ," అంది.

అతను పెట్టెలతో వెళ్లిపోయాక, గిన్నెలు తోముతూ ఆ పాటే ఎత్తుకుంది. ఈసారి తలుపు బార్లా తీసి ఉంచింది.

అవతల ఆయన గది ఖాళీగా ఉంది.