పంతొమ్మిదో పాఠంలో దగ్గు

"మళ్ళీ దగ్గావేంట్రా?" అన్నాడు స్నేహితుడు ఎర్ల్.

"టేపులో ఉంది, దగ్గాను. విన్నది విన్నట్టే అనాలని పుస్తకం మొదటి పేజీలోనే రాశారు," అన్నాడు వెండెల్. "కాఫీకి పిలిచే ముందు దగ్గడం హంగేరీ వాళ్ళ మర్యాదేమో!"

కాలిఫోర్నియాలోని మాంటెరీ బస్సు షెడ్డులో ముప్పై ఏళ్ళు రెంచీ పట్టిన వెండెల్, రిటైరయ్యాక హంగేరియన్ భాష పట్టాడు. ఆ ఊళ్ళోనే ఉన్న సైన్యం భాషల బడిలో ఎప్పుడో తయారుచేసిన కోర్సు, పాత సామాన్ల కొట్లో దొరికింది: ఇరవై నాలుగు క్యాసెట్లు, ఇటుకంత పుస్తకం. టేపులో మగగొంతు ఒక వాక్యం చెప్పి ఆగుతుంది. ఆ ఖాళీలో మనం అనాలి. ఏడు నెలలుగా పొద్దున్నే ఇదే పారాయణం.

"ఫోన్లో బొమ్మలు పెట్టి నేర్పుతుంటే ఈ చాదస్తం దేనికిరా?"

"ఫోను ముద్దు చేస్తుంది. ఇది నోరు తిరిగేదాకా వదలదు."

అసలు సంగతి ఎర్ల్‌కి తెలియంది కాదు. పక్కింటి హంగేరీ ఆవిడ ఇలోంకా. భర్త పోయి ఆరేళ్ళయినా ఆయన సిగరెట్టు బూడిద రాల్చే పళ్ళెం వరండాలోంచి తియ్యలేదు. వెండెల్ నాలుగుసార్లు కాఫీకి పిలిచాడు, ఇంగ్లీషులో. నాలుగుసార్లూ "ఇంకోసారి చూద్దాం" అంది. ఈసారి ఆమె భాషలోనే అడుగుతాడు. కాదంటే ఇక జన్మలో అడగడు.

ఆదివారం ఇలోంకా మిరప మొక్కలకి నీళ్ళు పోస్తోంది. వెండెల్ కంచె దగ్గర నిలబడి, చిన్నగా దగ్గి, పంతొమ్మిదో పాఠం అప్పజెప్పాడు.

"నాతో కాఫీ తాగుతారా?"

నీళ్ళు మొక్కల్ని వదిలి ఆమె చెప్పుల మీద పడ్డాయి. మొహం పాలిపోయింది. అయిపోయింది, చెడగొట్టాననుకున్నాడు వెండెల్.

"తప్పు పలికానా?"

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"పాత టేపులండీ. సైన్యం వాళ్ళవి."

"ఇంకోసారి అనండి. దగ్గుతో సహా."

అన్నాడు. ఆమె నవ్వింది, కళ్ళలో నీళ్ళతోనే.

"వస్తాను. ఇప్పుడే వస్తాను. ఆ టేపులు పెడతారా?"

వెండెల్‌కి ఏనుగెక్కినంత సంబరం. ఏడు నెలల పారాయణం ఊరికే పోలేదు. ఎర్ల్‌గాడికి ఎప్పుడెప్పుడు చెబుతానా అనిపించింది.

"మీ వాళ్ళందరూ కాఫీకి పిలిచే ముందు ఇలాగే దగ్గుతారా?" అనడిగాడు తలుపు తీస్తూ.

"లేదు, ఒక్కరే," అంది ఇలోంకా. "టేపులో గొంతు మా ఆయనది."