చప్పుడు తగ్గిన తూటా

మూడో తూటా పేలిందో లేదో, ఆ ముసలాయన పరుగున వచ్చి కార్లీన్ మణికట్టు పట్టేసుకున్నాడు.

తుపాకీ పట్టుకున్న మనిషిని ముట్టుకోవడమంటే ఆ కొండల్లో చిన్న తప్పు కాదు.

డోయల్ వెనకాముందూ చూడలేదు. కూతురి మీద పరాయి చెయ్యి పడింది, అంతే. ఒక్క తోపు తోశాడు. ముసలాయన కంకర మీద వెల్లకిలా పడ్డాడు.

“మతి గానీ పోయిందా నీకు? పిల్ల చేతిలో రివాల్వర్ ఉంది, కనబళ్ళా?”

“చప్పుడు తగ్గింది బాబూ” అన్నాడు ముసలాయన, లేవకుండానే. “గుండు బయటికి రాలేదు. గొట్టంలోనే ఇరుక్కుంది. దాని వెనక ఇంకోటి పేలిస్తే తుపాకీ చేతిలోనే పగిలిపోద్ది. ఓసారి ఊచ దూర్చి చూడు.”

“చాల్లే, చెప్పొచ్చావ్! అవి కొట్లో కొన్నవి కావు. నా చేత్తో నింపినవి. ఇరవై ఆరేళ్ళుగా నింపుతున్నా, నువ్వా నాకు నేర్పేది?”

వెస్ట్ వర్జీనియాలో జింకల వేట మొదలవడానికి ఇంకా వారమే ఉంది. గురి సరిచూసుకునేవాళ్ళతో క్లబ్బు మైదానం కిటకిటలాడుతోంది. చప్పుడు సోకకుండా చెవులకు డిప్పలు పెట్టుకోని మనిషి ఈ ముసలాయనొక్కడే. తుపాకీ తేడు, కాల్చడు, పొద్దస్తమానం బల్లల వెనక నిలబడతాడు. వేటంటే గిట్టనివాళ్ళు పంపిన మనిషని కొందరు, పిచ్చాడని కొందరు.

కార్లీన్‌కి రివాల్వర్‌తో ఇదే మొదటి వేట. అందుకే డోయల్ కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు యాభై శుభ్రం చేసి, మందు కొలిచి పోసి, గుళ్ళు బిగించి, డబ్బాలో పేర్చి ఇచ్చాడు. అక్కడి తండ్రులు ప్రేమ చూపించే తీరు అది. నోటితో చెప్పమంటే చచ్చినా చెప్పరు.

మైదానం చూసుకునే వాండా వచ్చి అందరి తుపాకులూ కింద పెట్టించింది.

“రూలు నీకు తెలుసుగా పెద్దాయనా?”

“తెలుసమ్మా.”

“డోయల్, ఫిర్యాదు రాసిస్తావా? రాస్తే నాలుగు జిల్లాల క్లబ్బులకీ పంపాలి. ఇక ఎక్కడా అడుగు పెట్టనివ్వరు.”

“ఇవ్వకేం! కాయితం తే.”

డోయల్ ఆఫీసు గదిలోకి వెళ్ళి సంతకం గీకేశాడు. కాయితం మీద ఆ ముసలాయన పేరూ ఇంటి చిరునామా కూడా రాశారు. ఎమరీ స్ట్రూబుల్.

ఎమరీ ప్యాంటు దులుపుకుని, ఎవరితోనూ వాదించకుండా ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

డోయల్ బల్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి కార్లీన్ మొహం పాలిపోయి ఉంది. రివాల్వర్ గొట్టంలోకి ఊచ దూర్చింది. అది సగందాకా వెళ్ళి ఆగిపోయింది.

“నాన్నా, వాండాకి చెప్పు.”

“చెబుతాలే.”

“ఇప్పుడే చెప్పు.”

“చెబుతానన్నానా? ముందు ఇంటికి పద.”

ఇంట్లో మిగతా నలభై ఏడు తూటాలూ ఒక్కొక్కటే విప్పాడు. ఒకదాంట్లో మందు రెండింతలుంది.

అప్పుడు గుర్తొచ్చింది. మందు పోస్తుండగా వేట గుడిసెకి బీన్సు ఎవరు తేవాలని తమ్ముడు ఫోన్ చేశాడు. మాట్లాడి వచ్చి, ఒక ఇత్తడి గొట్టం వదిలేసి ఇంకోదాంట్లో రెండోసారి పోశాడు. వదిలేసినదాంట్లో అడుగునుండే టపాకాయ బిళ్ళ ఒక్కటే పేలి, గుండుని సగంలో వదిలేసింది.



అయినా వాండాకి చెప్పలేదు. డోయల్ నింపిన తూటా తుస్సుమందని ఊళ్ళో తెలిస్తే తలెత్తుకు తిరగడమెలా? రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు వేట మొదలయ్యేదాకా రాలేదు, అయ్యాక కూడా రాలేదు.

కార్లీన్ కొట్లో కొన్న తూటాలతోనే పోతుజింకని కొట్టింది. ఫోటోలో నవ్వలేదు.

“ఆ మనిషికి వెన్ను మాంసం పట్టుకెళ్ళి ఇచ్చి క్షమాపణ అడుగు. అడిగేదాకా నాతో మాట్లాడకు” అంది తండ్రితో.

డిసెంబరు రెండో వారంలో, మాంసం కాయితంలో చుట్టుకుని, డోయల్ ఆ చిరునామా వెతుక్కుంటూ పక్క జిల్లాకి వెళ్ళాడు.

తలుపు తీసింది ముప్ఫై ఏళ్ళ ఆవిడ. ఖాళీగా ఉన్న చొక్కా కుడి చెయ్యి మడిచి పిన్ను పెట్టి ఉంది. వెనక గదంతా అట్టపెట్టెలు.

“ఎమరీగారున్నారా?”

“లేరండీ. మంగళవారమే ఖననం చేశాం. గుండె ఆగిపోయింది.”

 డోయల్‌కి చేతిలోని పొట్లం ఏం చెయ్యాలో తెలియలేదు.

“ఆఖరి మూడు వారాలూ ఇంట్లోంచి కదల్లేదు” అందామె. “ఏటా వేట రోజుల్లో క్లబ్బుల వెంట తిరిగేవాడు. చలికి చస్తావయ్యా మానేయమన్నా వినేవాడు కాదు. ఈ ఏడు నాలుగు చోట్లా రావద్దన్నారట. మీరెవరు, స్నేహితులా?”

“మా అమ్మాయిని... ఆయన మా అమ్మాయిని కాపాడాడమ్మా. నేనే తెలుసుకోలేకపోయాను.”

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “అయితే ఆయన కాపాడినవాళ్ళు ఒకరున్నారన్నమాట. ఆ మాట ఆయన విని ఉంటే ఎంత బావుండేది.”

డోయల్ తల దించుకున్నాడు. “నువ్వు ఆయన కూతురివా అమ్మా?” అని అడిగాడు.

“అబ్బే, మాకు ఏ చుట్టరికమూ లేదండీ. పదిహేనేళ్ళ క్రితం మా నాన్న నింపిన తూటాతో ఈ చెయ్యి పోయినప్పుడు ఆయన పక్క బల్ల దగ్గరున్నాడు. అంతకు ముందుది చిన్నగా పేలడం విని కూడా, పరాయివాళ్ళ తుపాకీ మనకెందుకులే అని ఊరుకున్నాడు.”