ఏడు గంటల ఫోను

సరిగ్గా ఏడయింది. లిఫ్టు మెకానిక్కు కంచం ముందు నుంచి లేచి, ఫోను పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళిపోయాడు.

భార్య కుట్టుమిషను తొక్కుతూనే చెవులు రిక్కించింది.

"ఏం చెప్పమంటారండీ! ఐదో అంతస్తు ముసలాయన లిఫ్టులో ఇరుక్కున్నాడు. నానా తంటాలు పడి తలుపు తెరిస్తే హాయిగా గురక పెడుతున్నాడు. లేపితే, 'అప్పుడే వచ్చేశామా' అన్నాడు."

అవతల పకపకా నవ్వు. ఆడగొంతు.

ఈ ముసలాయన సంగతి మెకానిక్కు ఇంట్లో చెప్పనే లేదు.

రెండు నెలలుగా ఇదే వరస. క్రికెట్ ఆట ఉన్న ప్రతి సాయంత్రం ఏడింటికి ఫోను. ఒకరోజు ఇతను చేస్తాడు, ఒకరోజు ఆవిడ చేస్తుంది.

అంతకుముందు ఆ వేళకి అతను ఫోనులో పందాలు కాసేవాడు. ఆమె ఏడ్చింది, అలిగింది, తిండి మానేసింది. తన రెండో కుట్టుమిషను పందాల కింద అమ్ముడుపోయిన రోజున పుట్టింటికీ వెళ్ళింది. అతను మారలేదు.

అప్పుడు వచ్చారు కాలేజీ వాళ్ళు. ఫోనులో పందాలు కాసేవాళ్ళ తీరుతెన్నుల మీద పరిశోధన అట. ఒక నంబరు ఇచ్చారు. ఆట మొదలయ్యే వేళకి మా మనిషితో మాట్లాడండి, ఆట గురించి తప్ప ఏదైనా మాట్లాడండి, పేర్లు మాత్రం అడగొద్దు అన్నారు.

అంతే. అతను పందాలు మానేశాడు.

సంతోషించాల్సిన విషయమే. కానీ ఆమె గుండెలో ముల్లు దిగింది. తన కన్నీళ్ళకి కరగని మనిషి, ఎవరో చదువుకున్నావిడ నవ్వుకి మారిపోయాడు!

"మానేశాడు కదా వదినా, ఇంకేం కావాలి?" అంది పక్కింటావిడ.

"నాకోసం మానేశాడా?"

"ఎవరికోసమైతేనేం?"

"నీ మొగుడైతే తెలిసేది."

వారం గడిచింది. ఓ సాయంత్రం, ఎదుటి భవనంలో లిఫ్టు ఆగిపోయిందని వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. మెకానిక్కు ఆ హడావిడిలో ఫోను ఛార్జింగులోనే వదిలేసి వెళ్ళాడు.

ఏడయింది. అయిదు నిమిషాలకి ఫోను మోగింది.

"సార్, ఇవాళ మీ వంతు కదండీ? చెయ్యలేదేం?"

సారట! లిఫ్టు మెకానిక్కు సారెప్పుడయ్యాడు?

"ఆయన లేరు. నేను ఆయన భార్యని."

"మీరాండీ! మీ మిషను చప్పుడు రోజూ వినిపిస్తుంటుంది. నాకు భలే ఇష్టం."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఖరికి తన మిషను చప్పుడు కూడా ఈవిడకే కావాలి.

"చూడండీ, మీ జీతం కోసం మా ఆయనతో ముచ్చట్లాడక్కర్లేదు."

"జీతమా? నాకెవరిస్తారండీ?"

"ఊరికే చేస్తున్నారా? మరీ బాగుంది!"



"సరేనండి. రేపట్నుంచి చెయ్యను. కానీ ఈ ఒక్క పూట... ఆట మొదలైపోయింది. ఓ అరగంట మీరైనా మాట్లాడరూ? ఏదైనా సరే. ఇప్పుడేం కుడుతున్నారో చెప్పండి, చాలు."

"సిగ్గుండాలి!"

ఫోను పెట్టేసింది. నంబరు బ్లాక్ చేసి, తీసేసింది కూడా.

మెకానిక్కు వచ్చి ఫోనంతా వెతికాడు. "నంబరేదే?"

"నేనే తీసేశాను. కబుర్లే కావాలంటే నేను లేనా?"

"నీకు తీరికెక్కడిది?"

"చేసుకుంటాను. చెప్పండి, ఎవరు ఇరుక్కున్నారు ఇవాళ?"

అతను ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. "కాలేజీ వాళ్ళకి నువ్వే జవాబు చెప్పుకో," అంటూ స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

ఆనాటి నుంచి ఏడింటికి మిషను ఆగేది. అతను లిఫ్టు కథలు చెబుతుంటే ఆమె కాజాలు కుడుతూ వినేది. కడుపు పట్టుకుని నవ్వేది. అతను మళ్ళీ పందాల జోలికి పోలేదు.

గెలిచాననుకుంది ఆమె.

నెల తర్వాత కాలేజీ నుంచి ఒక ప్రొఫెసరు కాగితాలు పట్టుకుని వచ్చాడు. మెకానిక్కు పనిలో ఉన్నాడు.

"పన్నెండో తారీఖు నుంచి మీవారి ఫోన్లు లేవమ్మా. మళ్ళీ పందాలు మొదలుపెట్టారా?"

"లేదండీ. ఇప్పుడు నాతోనే మాట్లాడుతున్నారు. మీ కాలేజీ ఆవిడతో ఇక పనిలేదు." కాస్త ఆగి అడిగింది. "నావల్ల ఆవిడకేం ఇబ్బంది కాలేదు కదా?"

"ఏ ఆవిడమ్మా?"

"అదే, రోజూ మా ఆయన్ని నవ్వించే ఆవిడ."

ప్రొఫెసరు ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది ఆవిడ రాతే. మీకు ధైర్యం ఇస్తున్నదేమిటని అడిగాం."

గుండ్రటి అక్షరాలు. 'సారుగారి కబుర్లు. వాళ్ళింట్లో మిషను చప్పుడు.'

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. "ధైర్యమా? దేనికి?"

"అరవై ఏడు రోజులు నిలబడిందమ్మా. పన్నెండో తారీఖున, ఏడుంబావుకి మళ్ళీ జారిపోయింది. వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయింది. ఫోను కూడా పనిచెయ్యడం లేదు."

"ఇంతకీ ఎవరండీ ఆవిడ?"

"మేము ఇద్దరిద్దర్ని జత కలిపి, అవతలున్నది కాలేజీ మనిషేనని ఇద్దరికీ చెప్పాం తల్లీ. మీ ఆయన్ని కాలేజీ సారనుకుని ఫోను చేసిన ఆవిడ, మీ ఆయనలాగే పందాలు మానలేక మా దగ్గరికొచ్చిన మనిషి."