మోగని డబ్బా

"ఇవాళ బులాయెంగ్‌ని చూడ్డానికి మకాసర్ నగరం నుంచి మనిషొస్తున్నాడు. నచ్చితే తీసుకుపోతాడు," అన్నాడు తొంపో, తమ్ముడి మొహం చూడకుండా.

నాబా చేతిలోని గడ్డిమోపు కింద పడేశాడు.

"అమ్మేస్తావా? తల్లి చచ్చిన పిల్లకి సీసాతో పాలు పట్టి పెంచానన్నా దాన్ని!"

"పెంచావు. కాదన్నానా? హజ్‌కి నాకూ మీ వదినకీ వంతు వచ్చింది. ఇన్నేళ్లు ఎదురుచూశాం. మక్కాకి దీని వీపెక్కి పొమ్మంటావా?"

నాబా వంగి గడ్డిమోపు ఎత్తుకున్నాడు. గుర్రాన్ని తండ్రి ఇచ్చింది పెద్దకొడుక్కి. నాబాకి దక్కింది దాని చాకిరీ, దాని మీద పిచ్చి ప్రేమ, అంతే.

"పరుగు చూశాకే మాట చెబుతానన్నాడు. పందెం రోజుల్లో పైవూళ్ల వాళ్లకి మైదానం చూపించేది నువ్వే కదా, ఈయనకీ నువ్వే చూపించు. కాస్త మర్యాదగా."

"ఒకవేళ ఓడిపోతేనో?"

"ఓడిన గుర్రాన్ని ఎవడు కొంటాడ్రా?" అని తొంపో విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ మాట నాబా చెవిలో తేనె పోసినట్టయింది.

వచ్చినాయన పేరు హాజీ బాసో. తెల్ల టోపీ, కాస్త బొజ్జ, మెత్తటి మాట. నాబా ఆయన్ని జనంలోంచి జాగ్రత్తగా నడిపించుకుపోయాడు.

"ఆ వెదురు మంచె మీద వెనక వరసలో కూర్చోండి హాజీగారూ. ముందు వరసలో మొహాన ఎండ కొడుతుంది. కంచె దగ్గరికి మాత్రం వెళ్లకండి, కళ్లనిండా దుమ్మే. ఆ వెనక పొగొస్తున్నది గుర్రం మాంసం పులుసు కొట్టు. పందెంలో ఓడినవాళ్లంతా అక్కడే చేరి దిగులు దింపుకుంటారు."

"మరి గెలిచినవాళ్లో?"

"వాళ్లూ అక్కడికే వస్తారు. ఓడినవాళ్లు తిన్నదానికి డబ్బులిచ్చేది వాళ్లే కదండీ."

హాజీ బాసో పకపకా నవ్వాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. ఇంత మంచివాణ్ణి మోసం చేయాల్సి వస్తోందే అని నాబాకి లోపల పీకుతూనే ఉంది.

మోసం పెద్దదేం కాదు. ప్రతి పందెంలోనూ నాబా ఆఖరి మలుపు దగ్గర నిలబడి, బులాయెంగ్‌కి దాణా పెట్టే మొక్కజొన్న డబ్బా గలగలా ఆడిస్తాడు. జనం ఎంత గోల చేసినా దాని చెవులు ఆ చప్పుడునే పట్టుకుంటాయి. ఇక అది పరిగెత్తదు, ఎగురుతుంది. ఇవాళ ఆ డబ్బా మోగదు. అంతే.

ఇంతలో తాటిరసం అమ్మేవాడు కింద నుంచి కేకేశాడు. "ఏంటి నాబా, మంచె మీద దొరలా కూచున్నావ్? మలుపు దగ్గరికి రావా?"

"మలుపు దగ్గర బాగా కనిపిస్తుందా?" అన్నాడు హాజీ బాసో వెంటనే లేస్తూ. "పద అయితే. దుమ్ముదేముంది, దులుపుకుంటే పోతుంది."

తప్పలేదు. నాబా ఆయన పక్కనే కంచె దగ్గర నిలబడి, డబ్బా చంకలో ఇరికించుకున్నాడు.

గుర్రాలు వచ్చాయి. ఎర్రటి దుమ్ములో బులాయెంగ్ రెండోది. మలుపు దగ్గరకు రాగానే చెవులు నిక్కబొడుచుకుంది. సంతలో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్లలా జనంలోకి అటూ ఇటూ చూసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆడిస్తే చాలు. నాబా డబ్బా లోపలి గింజ కూడా కదలకుండా చంక బిగించాడు.

బులాయెంగ్ వేగం తగ్గింది. పక్కనుంచి ఒక్కొక్కటే దాటుకుపోయాయి. అందరికంటే ఆఖరున గీత దాటింది.

"ఓరి నాబా! బులాయెంగ్ అంటే బంగారం అన్నావు, ఇత్తడైపోయిందిరోయ్!" ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు. నాబా కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టిన దగ్గర్నుంచీ దానికి అబద్ధం చెప్పడం ఇదే మొదలు. 'తిట్టుకో తల్లీ, ఎంతైనా తిట్టుకో. మన పాకలోనే ఉందువుగాని,' అనుకున్నాడు.

తొంపో తల వేలాడేసుకుని గుర్రాన్ని నడిపించుకొచ్చాడు. "రోజూ ఇలా పరిగెత్తదు హాజీగారూ. ఇవాళెందుకో..."

హాజీ బాసో దాని మెడ నిమిరాడు. వీపు తట్టాడు. తొడలు తడిమి చూశాడు. "జబ్బేమీ లేదు కదా?"

"జబ్బు లేదు, పరుగూ లేదు," అన్నాడు నాబా అడ్డం వచ్చి. "మా అన్న ఏదో చెబుతాడు గానీ, నా మాట వినండి. మీ నగరంలో పందేలకి ఇది పనికిరాదు. వేరేది చూసుకోండి."

తొంపో తమ్ముణ్ణి కొరకొరా చూశాడు. హాజీ బాసో మాత్రం చిరునవ్వుతో తొంపో చెయ్యి అందుకుని గట్టిగా ఊపాడు.

"మాట ఖాయం. రేపు పొద్దున్నే బండి పంపిస్తాను."

నాబా గుర్రం కళ్లెం పట్టుకున్నాడు. "ఓడిపోయిందండీ! అన్నిటికంటే ఆఖరున వచ్చింది! కళ్లారా చూశారు కదా!"

"చూశాను నాయనా, అందుకే తీసుకుంటున్నాను," అన్నాడు హాజీ బాసో నాబా భుజం మీద ఆప్యాయంగా చెయ్యేసి. "శుక్రవారం మా అమ్మాయి పెళ్లి, గెలిచిన గుర్రమైతే విందుకి కోయించడానికి నాకు మనసొప్పేది కాదు."